పూజ గది తలుపులకు పెంబర్తి ఇత్తడి తొడుగు: ఏడాది వాడాక

మా ఉప్పల్ ఫ్లాట్‌లో పూజ గది తలుపులకు, ఇత్తడి నగిషీకి పేరున్న పెంబర్తి అనే ఊళ్లో ఇత్తడి రేకు తొడుగు చేయించాం. బిగించి ఏడాది దాటింది. కొత్తలో ఏ ఇత్తడైనా ధగధగలాడుతుంది, అప్పుడు రాసే రివ్యూ ఎవరికీ పనికిరాదు. ఒక వానాకాలం, రోజూ రెండు పూటలా దీపాల పొగ, శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు కుంకుమ, పండక్కి వచ్చిన పిల్లల జిడ్డు చేతులు, ఇవన్నీ తట్టుకున్నాక ఎలా ఉందో చూసి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు లెక్క చెప్పేస్తాను, చాలామందికి కావాల్సింది అదే కదా. టేకు తలుపులు, రెండు రెక్కలు. ఒక్కో రెక్కకు అడుగు వెడల్పు, ఇరవై అంగుళాల ఎత్తున్న పలకలు మూడేసి. మొత్తం ఆరు పలకలు కలిపి పది చదరపు అడుగులు. గడప పైభాగమూ ముందు అంచూ కలిపితే ఇంకో రెండు. చదరపు అడుగుకి 2,800 రూపాయల చొప్పున 33,600 అయ్యింది. ఇంటికొచ్చి బిగించినందుకు 3,000 వేరుగా తీసుకున్నారు. రేకు 24 గేజ్, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త మందం. ఆ మందంలో చదరపు అడుగు రేకు తూకం అరకిలో కూడా రాదు. ఇత్తడి కిలో ధరతో లెక్కేసి "ఇంతేంటి?" అని మా ఆయన మొదట్లో తెగ గొణిగాడు. ఆయనకి చెప్పిన జవాబే కింద వివరంగా రాస్తున్నాను.

తలుపులు చేసిన వడ్రంగి మమ్మల్ని ముందుగా సిటీలోనే ఒక షాపుకి పంపాడు. అక్కడ గజలక్ష్మి, దశావతారాలు, వినాయకుడు, ఏది కావాలన్నా రెడీగా గోడకు ఆనించి ఉన్నాయి. ధర తర్వాత పెంబర్తిలో చెప్పినదాంట్లో సగం కూడా లేదు. సేల్స్ కుర్రాడు "అచ్చంగా పెంబర్తి వర్కే మేడం" అన్నాడు. ఒక పలక తీసుకుని వెనక్కి తిప్పాను. వెనక వైపు కూడా ముందు వైపంత నున్నగా ఉంది. ఒక్క ఉలి గుర్తు లేదు. అనుమానమొచ్చి ఇంకో గజలక్ష్మి పలక తెప్పించి పక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ ఎడమవైపు ఏనుగు తొండం మీద ఒకే చోట, ఒకేలాంటి చిన్న నొక్కు! అచ్చులో ఉన్న లోపం ప్రతి రేకు మీదా దిగుతుందన్నమాట.

అచ్చులో నొక్కిన రేకు కొనడం తప్పేమీ కాదు. బడ్జెట్ తక్కువగా ఉంటే, దూరం నుంచి చూసే తలుపైతే అది చాలు. దాన్ని పెంబర్తి పేరు పెట్టి అమ్మడమే నాకు నచ్చలేదు. మీరు ఎక్కడ కొన్నా సరే, చేయాల్సిన పరీక్షలు ఇవి. రేకు వెనక్కి తిప్పండి. చేత్తో చేసినదైతే వెనక ఉలి దెబ్బలు, అక్కడక్కడా నల్లటి లక్క మరకలు కనిపిస్తాయి, లోతు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. బొమ్మలో జంటగా ఉన్నవాటిని, అంటే రెండు హంసలనో రెండు ఏనుగులనో, పక్కపక్కన పోల్చి చూడండి. వెంట్రుకవాసి తేడా కూడా లేకపోతే అది అచ్చే. నగిషీ లేని ఖాళీ చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి, గుంట పడితే రేకు మరీ పల్చన. ఇక అయస్కాంతం అతుక్కుందంటే అది ఇత్తడి రంగు పూసిన ఇనుము, ఇంకేం మాట్లాడకుండా బయటికి వచ్చేయండి.

పెంబర్తి ఎక్కడో కాదు, హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే హైవే మీదే, ఆలేరు దాటాక, జనగామకు కాస్త ముందు. ఆ దారిలో లెక్కలేనన్నిసార్లు బస్సులో వెళ్లినవాళ్లు కూడా దిగి చూసి ఉండరు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు మన రాష్ట్రం నుంచి సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌తో పాటు పెంబర్తికీ చోటు దక్కింది. పర్యాటక గ్రామం అన్నారు కదా అని ఏసీ షోరూములు ఊహించుకుని వెళ్లకండి. నేను వెళ్లిన చోట రేకుల షెడ్డు, ముందు ఓ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, లోపల ఆగకుండా సుత్తి చప్పుడు, అంతే.

నేను పని ఇచ్చింది తండ్రీకొడుకులు నడిపే చిన్న వర్క్‌షాప్‌కి. పేరు రాయడం లేదు. ఊళ్లో ఇదే పని చేసే విశ్వకర్మ కుటుంబాలు చాలా ఉన్నాయి, ఒకళ్లనే ఎత్తిచూపడం బాగుండదు. పైగా నా ఫిర్యాదుల చిట్టా కూడా కింద ఉంది.

అక్కడ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఉలుల డబ్బా. పాత పాల పొడి డబ్బా నిండా ఉలులే. గీత లాగేది, చుక్క పెట్టేది, గుండ్రంగా నొక్కేది, చేప పొలుసు గుర్తు వేసేది, ఇలా ఒక్కోదాని మొన ఒక్కో తీరు. ఎక్కువ భాగం బజారులో దొరికేవి కావు, కడ్డీని అరగదీసి వాళ్లే చేసుకున్నవి. తండ్రి, అంటే పెద్ద చారి గారు, చూడకుండానే డబ్బాలో చెయ్యి పెట్టి కావాల్సిన ఉలిని వేళ్లతో తడిమి తీస్తున్నారు.

పని జరిగే తీరు ఇది. ముందు అసలు సైజులో కాగితం మీద బొమ్మ గీస్తారు. దాన్ని రేకు మీద అంటించి, గీతల వెంబడి సన్నటి ఉలితో చుక్కలు కొట్టుకుంటూ పోతారు. తర్వాత కరిగించిన లక్కను మందంగా పరిచి, అది పూర్తిగా బిగుసుకోకముందే దాని మీద రేకును అతికిస్తారు. కిటుకంతా ఆ లక్కలోనే ఉంది. గట్టి బల్ల మీద పెట్టి కొడితే రేకు చిరుగుతుంది. మరీ మెత్తటి దాని మీద కొడితే ఒక్కచోట దెబ్బకి చుట్టూ ఉన్నదంతా కుంగిపోతుంది. లక్క ఉలి కింద ఉన్న మేరకే లొంగుతుంది, పక్కన ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని ఉంచుతుంది. ముందు వైపు గీతలు కొట్టాక రేకును వేడిచేసి ఊడదీసి, తిరగేసి అతికించి, వెనక నుంచి బొమ్మను ఉబ్బేలా కొడతారు. మళ్లీ తిప్పి ఈకలు, గొలుసులు, పూరేకుల చారలు ముందు నుంచి తీరుస్తారు.

దెబ్బలు తినేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్యమధ్యలో రేకును ఎర్రబడేదాకా కాల్చి చల్లారుస్తారు, దాంతో మళ్లీ మెత్తబడుతుంది. బొమ్మ ఎంత ఎత్తుగా లేవాలంటే ఈ కాల్చడం, అతికించడం, కొట్టడం అన్నిసార్లు జరగాలి. అచ్చు మిషన్ ఒక్క దెబ్బలో చేసేస్తుంది కాబట్టి పల్చటి రేకు మీద అంత ఎత్తు తేలేదు, తెస్తే చిరుగుతుంది. మా ఆయనకి చెప్పిన జవాబు ఇదే. మనం డబ్బు పెడుతున్నది ఇత్తడికి కాదు, ఎత్తుకి. అచ్చు పలకల మీద వేలు పెట్టి రాస్తే ఏనుగు ఒక గీతలా తగిలింది. మా తలుపు మీద ఏనుగు కుంభస్థలం చేతికి గుండ్రంగా అందుతుంది.

డిజైన్ దగ్గర పెద్ద చర్చే నడిచింది. నేను అష్టలక్ష్ములు అడిగాను. ఆరు పలకల్లో ఎనిమిది మంది లక్ష్ములు ఎట్లా సర్దుకుంటారని మా అత్తమ్మ ఇంటి దగ్గరే అడిగింది, నేనే వినలేదు. చారి గారు టేపు తీసి పలక కొలిచి, "మేడం, అడుగు పలకలో అమ్మవారిని కూర్చోబెట్టి, పైన తోరణం, కింద పీఠం పెడితే మొహానికి మిగిలేది అంగుళమున్నర. అందులో కళ్లు ముక్కు తీస్తే దగ్గరికొచ్చి చూసినప్పుడు బాగుండవు. మీరే తర్వాత ఫోన్ చేసి అంటారు" అన్నారు.

"మరి అందరూ చేయించుకుంటున్నారు కదండీ?"

"చేసిస్తాం మేడం, అడిగితే చేసిస్తాం. మీరు అడగలేదనుకోండి, హంసలు పెడతా."

ఎక్కువ ధర పలికే ఆర్డర్‌ని వద్దని చెప్పే దుకాణదారుడు నాకు ఈమధ్య ఎక్కడా తగల్లేదు. చివరికి పై పలకల్లో పూర్ణకుంభం, మధ్యలో ఎదురెదురు హంసలు, కింద ఏనుగులు, చుట్టూ సన్నటి లత, గడప మీద వరుసగా పద్మాలు ఖాయం చేశాం. ఇప్పుడు చూస్తే ఆయన మాటే కరెక్ట్. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకొకరింట్లో అష్టలక్ష్ముల తలుపు ఉంది. దూరం నుంచి బ్రహ్మాండం. దగ్గరికెళితే ఎనిమిది మందికీ ఒకటే మొహం.

ఎడమ హంస మెడ కుడి హంస మెడ కంటే కాస్త సన్నం. కుడి ఏనుగు చెవి కొంచెం పెద్దది. వచ్చినవాళ్లలో ఒకరిద్దరు దాన్ని తప్పుగా పట్టుకున్నారు. అట్లా ఉంటేనే నాకిష్టం. మీకు అద్దంలో బొమ్మలాగా కచ్చితంగా ఉండాలంటే చేతిపని జోలికి వెళ్లకండి, టెన్షన్ పడతారు.

ఈ ఊరికి ఈ పని ఎట్లా వచ్చిందంటే, కాకతీయుల కాలం దాకా వెళ్తారు. ఓరుగల్లు దగ్గర్లోనే ఉంది. గుళ్లకు రథాలు, వాహనాలు, విగ్రహాల కవచాలు రేకుతో తొడగడం అప్పటి నుంచీ ఇక్కడివాళ్ల పనేనని చెబుతారు. తర్వాత నవాబుల కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, వేలాడే దీపాలు చేశారు. షెడ్డులో ఓ మూల పాత పాన్‌దాన్ ఒకటి కనిపించింది. మూత మీద నగిషీ చేతికి అరిగిపోయి ఉంది కానీ మూత ఇప్పటికీ బిర్రుగా పడుతోంది. అమ్ముతారా అని అడిగాను. అమ్మరట, కొలతల కోసం పెట్టుకున్నారట.

ఇప్పుడు ఫిర్యాదులు.

మొదటిది ఆలస్యం. శ్రావణ మాసం లోపు ఇస్తామని మాటిచ్చి, వినాయక చవితి కూడా వెళ్లిపోయాక తెచ్చారు. మధ్యలో ఫోన్ చేస్తే "ఇదిగో పాలిష్‌లో ఉంది" అన్నారు. అసలు కారణం తర్వాత ఆ కొడుకే నవ్వుతూ చెప్పాడు. ఎవరిదో సభకు జ్ఞాపికల ఆర్డర్ ఒకేసారి పెద్దగా వచ్చిందట, మా హంసలు పక్కకి జరిగాయట. ముహూర్తం పెట్టుకున్న గృహప్రవేశానికి చేయించేవాళ్లు వాళ్లు చెప్పిన తేదీకి ఓ నెల కలుపుకుని అడగండి.

రెండోది మేకులు. రేకు బిగించడానికి ఇత్తడి మేకులే వాడాలి. మాకు బిగించిన కుర్రాడు కింది పలకలకు ఇత్తడి పూత ఉన్న ఇనుప మేకులు కొట్టేశాడు. తడి తగిలే చోట ఇత్తడికి ఆనుకుని ఉన్న ఇనుము మామూలు కంటే తొందరగా తుప్పు పడుతుంది. వానాకాలం సగంలో ఏనుగు కాళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు తేలాయి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. బేరాలు, వాదనలు లేకుండా వచ్చి అన్నీ పీకి ఇత్తడివి కొట్టి, డబ్బులు అడక్కుండా వెళ్లారు. కాబట్టి ఈ మార్కు సగం తిరిగి ఇచ్చేస్తున్నాను. అయినా మీరు బిగించేముందే మేకుకి అయస్కాంతం పెట్టి చూడండి.

మూడోది అంచులు. పై పలకల అంచులు లోపలికి మడిచి చెక్కలోకి దింపారు, చక్కగా ఉన్నాయి. గడప తొడుగు ఒక మూల మాత్రం మడవకుండా కోసి వదిలేశారు. మా ఆడపడుచు కూతురు అక్కడ కాలి వేలు గీరుకుంది. తర్వాత ఆకురాయితో రాయించాం. తీసుకునేటప్పుడు అన్ని అంచుల మీదా ఓ పాత గుడ్డ లాగి చూడండి, దారం పట్టిందంటే అక్కడ పదును ఉన్నట్టే.

నాలుగోది లాకర్ (lacquer) పూత. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో ఎవరూ చెప్పరు. ఇత్తడి గాలికి నల్లబడకుండా పాలిష్ చేశాక మీద పారదర్శకంగా ఉండే పూత కొడతారు. తలుపు పలకల మీద అది ఏడాదికీ చెక్కుచెదరలేదు. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. గడప మీద మాత్రం ఆరు నెలలు కూడా ఆగలేదు. రోజూ తడిగుడ్డ, అడుగుల రాపిడి, వారం వారం పసుపు కుంకుమ. పూత పొరలు పొరలుగా లేచి, లేచిన చోట నల్లగా, మిగతా చోట పచ్చగా, గజ్జి పట్టినట్టు తయారైంది. ఆఖరికి పూత మొత్తం తీయించేశాను. ఇప్పుడు శుక్రవారం ఉదయం చింతపండు, ఉప్పు పెట్టి తోముతాం, ఐదు నిమిషాల పని, ఎప్పటికప్పుడు కొత్తగా ఉంటుంది. అందుకే నా సలహా: తలుపుకి లాకర్ కొట్టించండి, గడపకి వద్దనండి. లాకర్ ఉన్న చోట చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏదీ పెట్టొద్దు. తోమినకొద్దీ పూత పోతుంది, పోయిన చోట మచ్చ పడుతుంది.

ఆంటిక్ ఫినిష్ కావాలా అని కూడా అడుగుతారు. లోతుల్లో నల్లరంగు దించి, ఉబ్బెత్తు భాగాలు మాత్రం రుద్ది మెరిపిస్తారు. నేను వద్దన్నాను, ఇప్పుడు తీసుకుని ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది. దీపం పొగ ఎలాగూ లోతుల్లో చేరుతుంది, అప్పుడు ఆ నలుపు మురికిలా కనిపించదు.

పెంబర్తి వెళ్లినవాళ్లు తలుపు తొడుగులతో పాటు ఇంకేం కొనొచ్చంటే, నా లెక్కలో రేకు పనే కొనండి. మకరతోరణం, ప్రభావళి, విగ్రహాలకు కవచాలు, గోడకు పెట్టే పలకలు, వీటిలో వాళ్ల చేతిని మించింది నేను చూడలేదు. మెమెంటోలు మాత్రం నాకు నచ్చలేదు. కాకతీయ తోరణం బొమ్మను చెక్క మీద అతికించి, కింద పేరు పలక పెట్టి ఇచ్చేవి. సన్మాన సభల పుణ్యమా అని వాళ్లకు ఏడాది పొడుగునా పని దొరుకుతుంది, అది మంచిదే. కానీ హడావిడిగా వందల్లో చేసే వస్తువులో ఆ ఎత్తు, ఆ తీరుపు ఉండవు. అదే డబ్బుకి చిన్న అడుగు పలక ఒకటి తెచ్చుకోవచ్చు.

నిలువెత్తు ఘన విగ్రహం కావాలంటే పెంబర్తి రేకు పని దానికి సరిపడదు. అది మైనపు అచ్చుతో పోత పోసేవాళ్ల పని, తంజావూరు వైపు స్వామిమలై స్థపతుల దగ్గరికి వెళ్లాలి. మైనపు పోత పనే ఇంకో రకంగా మన దగ్గరా ఉంది, ఆదిలాబాద్ వైపు వోజు కళాకారులు చేసే డోక్రా. మైనాన్ని సన్నటి దారాల్లా తీసి బొమ్మ చుట్టూ చుట్టి, మీద మట్టి మెత్తి, కాల్చి మైనం కరిగి పోయాక లోహం పోస్తారు. ఆ దారాల చుట్లు బొమ్మ మీద అట్లాగే మిగిలిపోతాయి. అచ్చు పగలగొడితేగానీ బొమ్మ బయటికి రాదు కాబట్టి ఒకలాంటిది ఇంకోటి ఉండదు. 2018లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మా హాల్లో ఓ డోక్రా ఎద్దు ఉంది, దుమ్ము దులపడం తప్ప దానికి ఏ సేవా అక్కర్లేదు. తోమడం బద్ధకమైనవాళ్లకు నేను దాన్నే సిఫారసు చేస్తాను. ఆంధ్ర వైపు ఉన్నవాళ్లయితే శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చూడొచ్చు. నగిషీ కంటే పాత్ర ఆకారమే అందం అక్కడ.

బహుమతుల కోసం అడిగేవాళ్లు ఎక్కువ బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ పని), కరీంనగర్ వెండి తీగ పని, ఈ రెండింటి మధ్య ఊగుతుంటారు. కరీంనగర్ ఫిలిగ్రీ అంటే వెండిని వెంట్రుకంత సన్నటి తీగలుగా లాగి, రెండేసి పోగులు మెలేసి, అణచి, చుట్లు తిప్పి, గట్టి తీగ చట్రంలో కూర్చి టంకం పెట్టడం. 2007లోనే జీఐ వచ్చింది. చాలా అందంగా ఉంటుంది, కానీ పిల్లలున్న ఇంటికి ఇవ్వొద్దు. వంగితే మళ్లీ ఆ చుట్టు సరిగ్గా రాదు. సందుల్లో దుమ్ము చేరితే తీయడం నరకం. అద్దాల బీరువా ఉన్నవాళ్లకైతే బేషుగ్గా ఉంటుంది.

బిద్రీలోనే మోసం ఎక్కువ. మా మరిది పెళ్లిలో ఎవరో ఇచ్చిన నల్లటి డబ్బా మీద గోరు పెట్టి గీస్తే నలుపు ఊడి వచ్చింది. అది రంగు. అసలు బిద్రీలో నలుపు ఊడదు, ఎందుకంటే అది మీద పూసింది కాదు. బీదర్‌లో వాడే లోహంలో దాదాపు అంతా జింకే, రాగి కొంచెం. మామూలుగా చెప్పే లెక్క పదహారుకి ఒకటి. పోత పోసి నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లబరిచి, దాని మీద డిజైన్ గీసి, ఉలితో కాలువలు తవ్వి, వెండి తీగను సుత్తితో అందులోకి దింపుతారు. మొత్తం మళ్లీ నున్నగా రుద్దితే ఆ దశలో వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోయి డిజైన్ సరిగ్గా కనిపించదు కూడా. చివర్లో బీదర్ కోట లోపలి మట్టిని నవాసారంతో కలిపి నీళ్లలో కాచి రాస్తే, జింకు లోహం నల్లబడి వెండి తెల్లగానే మిగులుతుంది. 2023లో పద్మశ్రీ అందుకున్న షా రషీద్ అహ్మద్ ఖాద్రీ ఈ పనిలోనే పేరు పొందిన బీదర్ కళాకారుడు. కొనేటప్పుడు వేలు పెట్టి రాసి చూడండి. వెండి గీత ఉపరితలంతో సమంగా ఉండాలి. గీత చేతికి రంగులా ఎత్తుగా తగిలితే వదిలేయండి. కొబ్బరి నూనె చుక్క వేసి తుడిస్తే నలుపు ఇంకా నిగనిగలాడుతుంది. ఇత్తడి తోమే పొడితో మాత్రం తోమకండి.

ఊళ్లు తిరిగే ఓపిక లేకపోతే తెలంగాణ హస్తకళల సంస్థ వారి గోల్కొండ షోరూముల్లో, ఆంధ్రలో అయితే లేపాక్షి షోరూముల్లో ఇలాంటి వస్తువులు దొరుకుతాయి. రెడీమేడ్ వస్తువులకు అది సుఖం. తలుపు తొడుగు లాంటి కొలతల పనికి మాత్రం చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి, కాగితం మీద బొమ్మ చూసి "ఈ లత తీసేయండి, ఈ హంస పెంచండి" అని కూర్చుని చెప్పాలి.

మార్కులు వేయమంటే పనితనానికి 5కి 5, మాట మీద నిలబడటానికి 2, బిగింపుకి 3, తర్వాత వచ్చి సరిచేసినందుకు 5. ధర న్యాయమైనదే. ఇంకోసారి వాళ్లకే పనిస్తానా అంటే ఇప్పటికే ఇచ్చాను, మా అమ్మ వాళ్లింటి దేవుడి మందిరానికి ప్రభావళి.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని మాటలు. చెక్క పని పూర్తయి పాలిష్ ఆరాకే కొలతలు ఇవ్వండి, పచ్చి చెక్క కదిలిందంటే రేకు ఉబ్బుతుంది. పలకల కొలతలు అట్ట ముక్క మీద కత్తిరించి పట్టుకెళ్లండి, టేపు లెక్కల్లో ఎక్కడో పావు అంగుళం తేడా వస్తూనే ఉంటుంది. గేజ్, చదరపు అడుగు ధర, మేకులు ఇత్తడివే అన్న మాట, మూడూ రసీదు మీద రాయించుకోండి. అడ్వాన్స్ సగానికి మించి అడగరు, మించి ఇవ్వకండి కూడా. పని సగంలో ఉండగా ఒకసారి వెళ్లి రేకు లక్క మీద ఉన్నప్పుడే చూస్తే మార్పులు చెప్పుకోవచ్చు, పాలిష్ అయ్యాక ఏమీ మారదు. వెళ్లేముందు క్యాలెండర్ చూసుకోండి. అమావాస్య రోజు వాళ్లు పనిముట్లు ముట్టరు, అంత దూరం వెళ్లి తాళం చూసి రావాల్సి వస్తుంది.